ముద్ర వెనుకనున్న సంవత్సరము

పత్తి బేళ్లపై భారత ప్రమాణ సంస్థవారి ముద్ర విధిగా ఉండవలెనని కేంద్ర జౌళి మంత్రిత్వశాఖవారు 2023వ సంవత్సరము ఫిబ్రవరిలో ఉత్తర్వు వెలువరించిరి. నాటినుండి ఆ ఉత్తర్వు అమలునకు రావలసిన తేది ఒకమారు గాక పలుమార్లు వాయిదా పడినది. వాయిదా పడిన ప్రతిసారియు గుంటూరు, చిలకలూరిపేట ప్రాంతముల జిన్నింగు మిల్లులవారు ఈ యేటికి గండము గడచినదనుకొని తమ పనిలో తాము పడిరి. పత్తి పండించిన రైతునకు మాత్రము అట్టి ఉత్తర్వు వచ్చినదనియు తెలియదు, వాయిదా పడినదనియు తెలియదు. మేమీ దినమున వ్రాయదలచినది ఆ ఉత్తర్వు మంచిచెడ్డలను గూర్చి కాదు. బేలులోని చెత్తయు, తేమయు మిల్లువాని చేతిలోనివి మాత్రమే కావనియు, చేను నుండి వచ్చిన పత్తినిబట్టి యుండుననియు మిల్లులవారు చేయు వాదములో కొంత సత్యము గలదు. దానిని వేరొకప్పుడు విచారింతము. ఇప్పటి మా ప్రశ్న వేరు. ఒక ప్రమాణము పుట్టినపుడు, మారినపుడు, రద్దయినపుడు ఆ వార్త ఎవరికి, ఎప్పుడు, ఏ భాషలో చేరుచున్నది?

ఇటీవల మేము చూడబోయిన యొక జిన్నింగు మిల్లు కార్యాలయమున గోడకు అద్దముగట్టిన కాగితమొకటి వ్రేలాడుచుండెను. పత్తి బేళ్లకు సంబంధించిన ఐ.ఎస్. 12171 ప్రమాణములోని ముఖ్యాంశములు దానిపై టైపు చేయబడి యుండెను. క్రింద చిన్న అక్షరములతో 1987 అని యుండెను. యజమాని దానిని గర్వముతోనే మాకు చూపెను. ఆ ప్రమాణము 2019లో సవరింపబడినదనియు, 2023 నాటి ఉత్తర్వు పేర్కొనునది ఆ సవరించిన ప్రతినేయనియు చెప్పగా ఆయన నంబరు అదేగదా యని యడిగెను. నంబరు అదే. ఇంటి నంబరు మారలేదు, లోపల కాపురమున్నవారు మారిరి.

చదువరులలో పెక్కుమందికి ఈ పద్ధతి క్రొత్త గనుక కొంచెము వివరింతుము. ప్రతి భారత ప్రమాణమునకును ఒక నంబరును, దాని ప్రక్కన ఒక సంవత్సరమును ఉండును. కనీసము ఐదేండ్ల కొకసారి దానిని మరల పరిశీలింపవలెనని నియమము. పరిశీలించినపిమ్మట దానిని యథాతథముగా నిలుపవచ్చును, సవరించి క్రొత్త సంవత్సరముతో ముద్రింపవచ్చును, లేదా ఉపసంహరింపవచ్చును. ఈ నడుమ చిన్న చిన్న సవరణ చీటీలు వేరుగా వచ్చుచుండును. కాబట్టి "మా సరకు ఫలానా నంబరునకు సరిపోవును" అను మాటకు సంవత్సరము చెప్పనిదే అర్థము లేదు. పంచాంగమును చూపి తిథి చెప్పువాడు అది ఏ యేటి పంచాంగమో ముందు చూచుకొనవలదా?

ప్రమాణ మనగా రాతిపై చెక్కిన శాసనమని మనలో అనేకుల భ్రమ. భారత ప్రమాణములలో మొదటి నంబరు దేనికి దక్కినదో జ్ఞాపకము చేసుకొందము. 1947 జనవరిలో, స్వాతంత్ర్యమునకు కొన్ని మాసములు ముందుగా, నేటి ప్రమాణ సంస్థకు పూర్వరూపమైన ఇండియన్ స్టాండర్డ్సు ఇన్‌స్టిట్యూషను వెలసినది. 1951లో ఆ సంస్థ ఒకటవ నంబరు నిచ్చినది మన జాతీయ పతాకమునకు. ఆ పతాకమునకు రూపకల్పన చేసిన మహనీయుడని ఆంధ్రులు గౌరవించు పింగళి వెంకయ్యగారు కంబోడియా పత్తిని గూర్చి చేసిన పరిశోధన వలన "పత్తి వెంకయ్య" యని పేరొందిన సంగతి మన పత్తి రైతులకు తెలియదగినది. అట్టి పతాకపు ప్రమాణము సైతము మెట్రికు కొలతల ననుసరించి 1964లో సవరింపబడెను, 1968లో మరల సవరింపబడెను. ఇక పతాక నియమావళి సంగతి వేరు. చేతితో వడకి చేతితో నేసిన ఖద్దరే వాడవలెనన్న నిబంధనను 2021 డిసెంబరులో సడలించి యంత్రముపై నేసిన గుడ్డకును, పాలియెస్టరునకును అనుమతి నిచ్చిరి. ఆ మార్పు మాకు సమ్మతము కాదు. కాని మారినదన్నది నిజము. జెండాకే తప్పని సవరణ మిరపకాయకు తప్పునా?

మార్పు వచ్చినపుడు మధ్యకాలమున నష్టపడువాడెవడో మన జిల్లాకు పూర్వానుభవము గలదు. చెన్నపట్టణపు బారువ 500 పౌనులు, బొంబాయి పత్తి కండి 784 పౌనులు. మాట ఒకటేయైనట్లు తోచును, బరువులో సగమునకు పైగా తేడా. ఈ అయోమయమును తీర్చుటకే 1956లో తూనికల శాసనము వచ్చి కిలోగ్రాము నిలిచినది. అయినను నేటికిని దూది ధరను కండికి ఇంతయనియే చెప్పుచున్నారు. ఆ కండి యనగా సుమారు 356 కిలోలు. ఈ లెక్క దూది వర్తకునికి కంఠస్థము. క్వింటాకు ధర పలుకుట వినిన రైతునకు ఆ రెండు ధరలను పోల్చుకొనుటకు కాగితము, కలము కావలసివచ్చును. కొలత ఎవరి నోట నుండునో బేరము వారి చేతిలో నుండును.

బేలు గుర్తు కూడ నిన్న మొన్నటిది కాదు. పరప్రభుత్వపు దినములలోనే, 1925 నాటి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల శాసనము క్రింద ప్రతి బేలునకును ప్రెస్సు గుర్తు, వరుస నంబరు ఉండవలెనని విధించిరి. తమ మిల్లులకు కల్తీలేని దూది కావలెనని తెల్లదొరలు కోరిన శాసనమది. అప్పుడు సహితము ఆ గుర్తుల అర్థము కాకినాడ పత్తి యని పేరొందిన మన ఎర్రపత్తిని పండించు రైతునకు ఎవరును చెప్పలేదు. పరప్రభుత్వము చెప్పకపోవుట వింతగాదు. స్వరాజ్యమున చెప్పకపోవుటయే వింత.

మిరప సంగతి ఇంతకంటె చిక్కైనది. పత్తికి ఒక ముద్ర. మిరపకు అధికారులు పలువురు. 1937 నాటి శాసనము క్రింద ఆగ్‌మార్కు నిబంధన లొకవైపు, భారత ప్రమాణ సంస్థవారి ప్రమాణ మొకవైపు, 2022లో కోడెక్సు సంఘమువారు అంగీకరించిన అంతర్జాతీయ ప్రమాణ మింకొకవైపు. ఇవి చాలవన్నట్లు కొనువాని దేశపు చట్టములు. ఈ చట్టములే సన్నాలకును, తేజకును తుదకు ధర కట్టుచున్నవి.

బూజు విషములను తీసికొందము. కాయ సరిగా ఎండక తేమ నిలిచినపుడు ఒకజాతి బూజు పట్టి అఫ్లటాక్సినను విషము పుట్టును. ఐరోపా సంఘమువారు సుగంధద్రవ్యములలో దాని బీ-1 అను రకమునకు కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకములు కలిపి 10 మైక్రోగ్రాములు మాత్రమే సమ్మతింతురు. నూరుకోట్ల పాళ్లలో ఐదు పాళ్లన్నమాట. క్వింటా కాయలన్నిటిలోను కలిపి అర మిల్లీగ్రాము మించిన ఓడరేవునుండి సరకు వెనుకకు మరలును. ఈ పరిమితి 2006 నాటి 1881వ నంబరు నిబంధనలో నుండెను. 2023లో ఆ నిబంధన రద్దయి దాని స్థానమున 915వ నంబరుది వచ్చినది. అంకెలు మాత్రము మారలేదు. రద్దయినదని విని హద్దు తొలగినదనుకొన్నవాడును, క్రొత్త నంబరు వచ్చినదని విని హద్దు మారినదనుకొన్నవాడును ఇరువురును పొరపడిరి.

ఆక్రటాక్సినను మరియొక విషము కథ దీనికి విపర్యయము. మిరపజాతికి 30 మైక్రోగ్రాముల హద్దును 2010లో పెట్టి, 2012 జూలై నుండి అది 15కు తగ్గునని చెప్పిరి. 2012 జూలై రాగానే, మిరప విషయమున ఆ తగ్గింపును 2014 చివరి వరకు ఆపిరి. 2015లో దానిని 15 గాక 20గా స్థిరపరచిరి. 2010 నాటి కాగితమును మాత్రమే దాచుకొన్న ఎగుమతిదారుడు రెండేండ్లకు పైగా లేని హద్దునకు భయపడి మంచి సరకును చౌకగా తెగనమ్ముకొని యుండును. 2012 నాటి కాగితమును పట్టుకొనినవాడు 15కే కట్టుబడి, 20 వరకు సమ్మతమైన కాయను త్రోసివేసి యుండును. ప్రమాణము మారినది తెలియనివాడు ఎల్లప్పుడు నేరస్థుడే కానక్కరలేదు. తన సొమ్మును తానే కాలదన్నుకొనువాడును కావచ్చును.

ఇది చాలదేమో, 2019 నాటి 1793వ నంబరు నిబంధన క్రింద ఏ దేశపు ఏ సరకును ఓడరేవులో నూటికి ఎన్ని పార్శిళ్ల చొప్పున పరీక్షింపవలెనో ఒక జాబితా గలదు. అఫ్లటాక్సిను నిమిత్తము మన దేశపు ఎండుమిరప పేరు ఆ జాబితా నెక్కినది. ఆ జాబితాను ఆరు మాసములకు మించకుండ మరల మరల చూచి శాతములను పెంచుటయో తగ్గించుటయో చేయుదురు. అనగా మిరప నారు పోసిన నాటికి ఒక శాతము, కాయ కల్లమున ఎండునాటికి వేరొక శాతము ఉండవచ్చును. శాతము పెరిగిన ఓడరేవులో ఆలస్యము పెరుగును, ఖర్చు పెరుగును. ఆ ఖర్చు ఎగుమతిదారుని పుస్తకములో కొంతకాలమే యుండి, కమీషను వ్యాపారి మీదుగా, దించి దించి, తుదకు యార్డులో బస్తా విప్పి నిలుచున్న రైతు నెత్తిన దిగును. అతనితో చెప్పునది ఇంతే: "ఈసారి పైన గిరాకీ లేదు." పైన యనగా ఎక్కడ? ఎందువలన? అడుగువాడు లేడు, చెప్పువాడును లేడు.

మిరప విషయమున మన తప్పును మనము దాచుకొనరాదు. కాయ విరుగకుండుటకని, తూకము తగ్గకుండుటకని బస్తాలు తొక్కునపుడు నీరు చల్లుట మన ప్రాంతమున చిరకాలపు అలవాటు. కొందరు రైతులు చేయుదురు, వర్తకులును చేయుదురు. పదియో పదునొకండో శాతమునకు ఎండవలసిన కాయపై నీరు చల్లి శీతల గిడ్డంగికి పంపి, పిమ్మట బూజు పట్టినదని ఐరోపావారిని నిందించుట న్యాయము కాదు. కాని ఆ నీటిచుక్కకును ఓడరేవులోని అర మిల్లీగ్రామునకును గల సంబంధమును రైతునకు విప్పి చెప్పినవారు మాత్రమెందరు?

రైతునకు చెప్పినను అర్థము కాదని కొందరు అధికారులు మాతో ననిరి. ఇది వట్టి మాట. పత్తి కార్పొరేషనువారి కొనుగోలు కేంద్రములో తేమ 8 శాతము దాటిన కొలది ధర తగ్గుననియు, 12 దాటిన కొనరనియు తెలియని పత్తి రైతు మన నల్లరేగడిలో నొక్కడైన గలడా? అక్షరము రానివాడు సహితము పత్తిని పిడికిటబట్టి చూచి తేమను అంచనా కట్టి తెల్లవారుజామున బండి కట్టవలెనో, ఇంకొక ఎండ చూపవలెనో నిర్ణయించుకొనుచున్నాడు. ఆ రెండంకెలను అతడు నేర్చినది అవి తెలుగులో చెప్పబడుట వలనను, వాటివలన ధర ఎంత కోతపడునో ఎదుటనే కనబడుట వలనను. తక్కిన అంకెలనుకూడ అట్లే చెప్పి చూడుడు.

పురుగుమందుల విషయమున చెప్పకపోవుట ఫలము కంటికి కనబడును. పత్తి చేలలో ఏండ్ల తరబడి వాడిన ట్రయజోఫాసు మందును కేంద్ర ప్రభుత్వమువారు 2018 ఆగస్టులో నిషేధించిరి. నిషేధము పూర్తిగా అమలునకు వచ్చుటకు 2020 డిసెంబరు 31 వరకు గడువు నిచ్చిరి. రెండేండ్లకు పైబడిన గడువు. చేయువానికి, అమ్మువానికి అది చక్కగా తెలిసిన గడువు. కొనువానికి? గడువు ముగియవచ్చిన సరకు అంగడిలో చౌకగా దొరకినపుడు సంతోషించి కొనువాడు రైతే. దాని శేషము కాయలో తేలి పార్శిలు మరలివచ్చినపుడు దోషియు అతడే.

మేము స్వతంత్రులము, బ్రస్సెల్సులో కూర్చున్నవారు గీచిన గీతకు మా గుంటూరు ఎందులకు తలయొగ్గవలెనని దేశాభిమానులు కొందరు మాకు ఉత్తరములు వ్రాయుచుందురు. వారి ఆవేశము మాకు తెలియనిది కాదు. కాని 2003లో ఫ్రాన్సునందు మన దేశపు మిరప సరకులో సూడాన్-1 అను బట్టలకద్దు రంగు బయటపడినది. ఆ యేడు జూనులోనే ఐరోపా సంఘమువారు పరీక్షాపత్రము లేని మిరపను రానీయమని కట్టడి చేసిరి. 2005లో బ్రిటనునందు ఆ రంగు కలిసిన కారము చేరినదని వందలకొలది తినుబండారములను అంగళ్లనుండి తొలగించిరి. ఆ రంగు కలిపినవాడు రైతు కాడు. పేరు చెడినది మాత్రము కాయకు. కల్తీ కారము తిని మనవారే రోగగ్రస్తులగుచుండ, దానిని పట్టించిన పరదేశపు ప్రమాణమును దూషించుట దేశభక్తి యనిపించుకొనదు.

దేశాభిమానము చూపదగిన స్థలము వేరే కలదు. సుగంధద్రవ్యముల అంతర్జాతీయ ప్రమాణములను తయారు చేయు కోడెక్సు ఉపసంఘమునకు ఆతిథ్యమిచ్చు దేశము మనదే. దాని మొదటి సమావేశము 2014 ఫిబ్రవరిలో కొచ్చిలో జరిగినది. అనగా గీత గీచు బల్లవద్ద పెద్దపీట మనకున్నది. ఎండుమిరప ప్రమాణపు ముసాయిదా దేశదేశముల చేతులు మారిన ఆ యేండ్లలో దాని తెలుగు ప్రతి యొకటి గుంటూరు మిరప యార్డు గోడపై అంటించిన జాడ మాకు కానరాలేదు. ఆసియాఖండమున పెద్దదని మనము చెప్పుకొను యార్డు అది. తాలుకాయ, మచ్చకాయ, తొడిమ ఊడిన కాయ, విరిగిన కాయ వీని భేదములను మన కల్లములలోని కూలి స్త్రీలకంటె బాగుగ నెరిగిన పండితులు ఏ దేశమున నున్నారు? వారి యనుభవము ముసాయిదాలోనికి ఎక్కవలెనన్న ముసాయిదా వచ్చినదని ముందు వారికి తెలియవలెను.

ప్రభుత్వమువారిని మేము కోరునది పెద్ద వ్యయముతో కూడినది కాదు. భారత ప్రమాణ సంస్థ గలదు. సుగంధద్రవ్యముల బోర్డువారి పరీక్షాశాల గుంటూరులోనే యున్నది. 1966 నాటి మార్కెట్ల శాసనము క్రింద మార్కెటు కమిటీలు రుసుము వసూలు చేయుచునే యున్నవి. ఆ రుసుములో నొక యల్పభాగముతో ప్రతి మాసమును తెలుగున నొక ప్రకటన వేయవచ్చును. ఏ ప్రమాణము, ఏ సంవత్సరపుది, ఏమి మారినది, ఏనాటినుండి అమలు, ఏది రద్దయినది అని అందుండిన చాలును. వాయిదా పడినదానిని వాయిదా పడినదని వ్రాయవలెను. నిరుటి ప్రకటనను చించివేయవలెను. పాతది ప్రక్కననే వ్రేలాడిన క్రొత్తది వ్యర్థము.

అంతకంటె ముఖ్యమైన కోరిక యొకటి గలదు. యార్డులో గాని, జిన్నింగు మిల్లులో గాని, కొనుగోలు కేంద్రములో గాని నాణ్యము చాలదని ధర తగ్గించువాడు ఏ ప్రమాణముననుసరించి తగ్గించుచున్నాడో నంబరును, సంవత్సరమును చీటీపై వ్రాసి రైతు చేతికియ్యవలెను. వ్రాయలేనివాడు ధర తగ్గింపరాదు. వర్తకులు దీనికి అభ్యంతరము చెప్పుదురని మేమెరుగుదుము. యార్డులో దినమునకు వేల బస్తాలు చేతులు మారుచుండ చీటీలు వ్రాయుటకు తీరిక ఎక్కడిదని అందురు. తూకపు చీటీ వ్రాయుటకు తీరిక గలదు గదా, దానిపైననే ఇంకొక పంక్తి వ్రాయవచ్చును. నిజాయితీగల వర్తకునికి దీనివలన లాభమే. తాను చూపిన కారణము తనది కాదని, చట్టముదని రుజువగును.

ఇక మా చదువరులతో నొక మాట. ఈ పత్రికను చదువు భూస్వాములలో పెక్కుమంది గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేట పట్టణములలో నివసించువారే. పొలములలో పత్తియు, మిరపయు పండించువారు కౌలుదారులు. కౌలు రొక్కము ముందుగనే ముట్టును గనుక బస్తా మరలివచ్చిన బాధ భూస్వామి గడపవరకు రాదు. ఐరోపావారి క్రొత్త హద్దును గూర్చి ఆంగ్ల పత్రికలలో చదివి ఆ పత్రికను మడిచి ప్రక్కన పెట్టిన భూస్వాములు మాకు తెలియును. మార్కెటు కమిటీ చేయవలసినది కమిటీ చేయునుగాక. కౌలుదారునకు ఫోనులో నాలుగు మాటలు చెప్పుటకు ఏ శాసనము కావలెను? చెప్పిన మరుసటి యేడు భూమి విలువయు, కౌలు విలువయు తగ్గవు.

పెదనందిపాడు ఫిర్కావారు పన్నుల నిరాకరణ సాగించిన 1922 నాటికి ఈ ప్రాంతమున టెలిఫోనులు లేవు. అయినను ఏ గ్రామమునకు ఏ నోటీసు వచ్చినదో, ఏ అధికారి ఏ దారిన బయలుదేరినాడో ప్రక్క గ్రామమునకు నాడే తెలియుచుండెను. అంతకు నాలుగేండ్లు ముందుగా, 1918లో, వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపితమైనది. ఆ కోవలో పుట్టిన గ్రంథాలయములు మన పల్లెలలో నేటికిని కొన్ని మిగిలియున్నవి. ఉదయము వార్తాపత్రికల కొరకు వచ్చు వృద్ధులు తప్ప వానిలో అడుగిడువారు తక్కువ. మార్కెటు కమిటీ ప్రకటన ప్రతి యొకటి అచ్చటి బల్లపై నున్నచో ఆ వృద్ధులే దానిని ఊరంతటికిని చేర్చగలరు. వారికంటె వేగమైన వార్తాహరులు మన పల్లెలలో లేరు.

పత్తి మొదటి తీత అక్టోబరులో వచ్చును. మిరప కల్లములు జనవరినుండి నిండును. ఆ లోపల గుంటూరు యార్డు గేటువద్ద నొక నల్లబల్ల నిలిపి, దానిపై మొదటి ప్రకటనను సుద్దతో వ్రాయించుటకు ఎంత వ్యయమగునో మార్కెటు కమిటీవారు లెక్కకట్టి చెప్పిన, ఆ లెక్కను మేమీ పుటలోనే ప్రకటింతుము.